కిటికీ వైపు మిషన్

ఇన్నేళ్లుగా ఒక చిన్న స్టిక్కరు నా గుండెల మీద తిష్ట వేసుకుని కూర్చుంది. నవ్వకండి. మా ఆయనకు కూడా చెప్పని సంగతి మీకు చెబుతున్నాను.

మాది అప్పటికి యూనివర్సిటీ కాలేదు. తెనాలి దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ, అంతే. హోదా ఇవ్వడానికి కమిటీ వస్తోందనగానే క్యాంపస్ పెళ్లివారిల్లయింది. మా ల్యాబులో ఉండాల్సిన మిషన్లు సగం లేవు. బాపట్లలో మా యాజమాన్యానిదే ఉన్న ఇంకో కాలేజీ నుంచి లారీలో తెచ్చి దించారు. వాటి మీద ఆ కాలేజీ స్టిక్కర్లు గీకేసే పని ఇద్దరు లెక్చరర్లకు పడింది. కిటికీ వైపువి నావి, తలుపు వైపువి సునీతవి. కొత్తగా చేరిన పిల్ల. నన్ను అక్కా అనేది. తన క్యారేజీలో చేపల పులుసు సగం నాకే పెట్టేది.

నా వైపు ఒకటి మిగిలింది. చూశాను. టీ తాగొచ్చి గీకుదాంలే అనుకుని మర్చిపోయాను. ఆ తర్వాత అటెండర్లు మిషన్లన్నీ అటూ ఇటూ జరిపేశారు. ఏది ఎవరిదో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

కమిటీ పెద్దాయన సరిగ్గా దాని ముందే వంగి చదివాడు. ఆ ఏడు హోదా రాలేదు. ఎవరి నిర్వాకం అని ఛైర్మన్ అడిగితే, "సునీతదండి" అనేశాను. ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? తను చిన్నది, ఎక్కడైనా బతికేస్తుందనా? ఎన్ని సాకులు వెతికినా చివరికి మిగిలేది భయమే. ఒట్టి పిరికితనం. తనని తీసేశారు.

మొన్న రేపల్లె బస్సులో నా పక్క సీట్లోకే వచ్చి కూర్చుంది.

"అక్కా! బాగున్నారా? హెడ్డయ్యారంటగా!"

"ఆఁ... నువ్వేం చేస్తున్నావే?"

"రేపల్లెలో స్కూల్లో చెప్తున్నానక్కా. ఆరోజు నా వల్ల మీకూ మాటొచ్చింది. అదెలా వదిలేశానో ఇప్పటికీ గుర్తు రాదు. ఇంటి తాళం కూడా మళ్లీ మళ్లీ లాగి చూస్తానక్కా, నా మీద నాకే నమ్మకం లేదు."

నేను తీసింది ఉద్యోగం ఒక్కటే అనుకున్నానిన్నాళ్లూ! చెప్పెయ్యాలని నోరు తెరిచాను. "వేమూరొచ్చిందే, దిగుతా" అన్నాను. నా టికెట్టు రేపల్లెకి.

హోదా తర్వాతెప్పుడో వచ్చింది, ఇప్పుడు దాన్ని కొనసాగించడానికి మళ్లీ కమిటీ వస్తోంది. ల్యాబులో ప్రతి మిషనూ నేనే వంగి చూస్తున్నాను. మేడం ఎంత జాగ్రత్తో అంటున్నారు జూనియర్లు. ఛీ, ఏం బతుకు!

తనకి చెప్పే ధైర్యం వస్తుందో రాదో నాకే తెలియదు. ఇక్కడైతే రాసేశాను, కాస్త ఊపిరాడుతోంది. సునీతా, అది కిటికీ వైపు మిషన్. నాది. నువ్వేదీ వదిలెయ్యలేదు.