కొండెక్కిన దారి

సుధామయి నోట ‘ఆపేశాను’, ‘తీసేశాను’ అన్న మాటలు రావు. పూజారుల ఇంట పుట్టిన పిల్ల. దీపం ఆరిందనకూడదు, కొండెక్కిందనాలి. తిరువూరులో ఓ ప్రైవేటు ఆస్పత్రి కంప్యూటర్లు చూసే ఉద్యోగంలోనూ అదే భాష. అక్కడి పెద్ద సర్వరు లోపల కంటికి కనబడని నెట్‌వర్కు స్విచ్చి ఒకటుంది. దానికి సర్వరును కలిపే అడాప్టర్లకు, అంటే లోపలికొచ్చే దారులకు, ఆమె ఊళ్ల పేర్లు పెట్టుకుంది. గంపలగూడెంలో అత్తారింట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, జడ కొస కొరుకుతూ, అక్కర్లేని వాటిని ఏరి ఏరి కొండెక్కిస్తుంటుంది.

ఆ ఉదయం ‘వినగడప’ కనిపించింది. పెళ్లికి ముందు తనుండే ఊరు. ‘అక్కణ్నుంచి ఇప్పుడెవరొస్తున్నార్లే’ అనుకుని నొక్కేసింది. తెర బిగుసుకుపోయింది. నోట్లోని జడ జారిపోయింది. ఊరు మారినా, తను సర్వరులోకి వెళ్లే దారి మాత్రం అదే! ల్యాబు, మందుల కౌంటరు, ఓపీ అన్నీ పడిపోయుంటాయని రిసెప్షన్‌కి ఫోన్ చేసింది. “ఇక్కడన్నీ బానే నడుస్తున్నాయి మేడం,” అంది అక్కడి హరిచందన. “ఏం, ఇవాళ దేన్ని కొండెక్కించారేంటి?” కూర్చున్న కొమ్మ నరుక్కుంటే చెట్టు కదలనైనా కదల్లేదు. ఇక స్వయంగా తిరువూరు వెళ్లి సర్వరుకే కీబోర్డు తగిలించాలి.

“నన్నే,” అంది సుధామయి, షేర్ ఆటో కోసం చెప్పులు వెతుక్కుంటూ.