నాయనమ్మ మొక్కుకున్న రెండు బస్తాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ పనైనా మొదలుపెట్టే ముందు కీడు మాట నోట రాకూడదు. బండి కడుతుంటే ఇరుసు సంగతి ఎత్తకూడదు. చెట్టెక్కేవాణ్ణి జాగ్రత్త అని కూడా అనకూడదు. అంటే అదే జరిగి తీరుతుందని మా తాతయ్యకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాలు మా ఇంటి మీదికి ఏమీ తీసుకురాకుండా చూసుకునే పని మా నాయనమ్మది. ఆ పని ఆవిడ ఎంత నేర్పుగా చేసేదో నాకు ఒక బావి దగ్గర తెలిసింది.

మాది పల్నాట్లో మాచవరం వైపు మెట్ట ఊరు. యుద్ధం నడుస్తున్న రోజులు. వరి బియ్యం మాట దేవుడెరుగు, జొన్నలు దొరకడమే గగనంగా ఉండేది. అలాంటి ఏడాది మా తాతయ్య మిరప చేలో బావి తవ్విస్తానని కూర్చున్నాడు. మా నేల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పైన జానెడు మన్ను, కింద అంతా బండ. మందు కూరి తూటా పేల్చనిదే గడ్డపార దిగదు. అందుకని రాళ్ళు పేల్చడం తెలిసిన ఒక కుటుంబాన్ని పిలిపించాడు. భార్యాభర్తలు, ఆయన తమ్ముళ్ళిద్దరూ వచ్చి చేను గట్టున గుడిసె వేసుకున్నారు. కూలి నిలువు లెక్కన. మనిషెత్తు లోతు పూర్తయితేనే చేతికి ఏమైనా వచ్చేది. పని సాగని రోజున పస్తే.

ఆ తూటాలు పేల్చే ఆయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. పిల్లలకు సిగ్గేముంది, ఏమైందని అడిగేశాను. వేరే ఊళ్ళో ఒకసారి వత్తి అంటించాక తూటా పేలలేదట. పేలని తూటా దగ్గరికి తెల్లారేదాకా పోకూడదని వాళ్ళ నాన్న చెప్పిన మాట తెలుసు. కానీ ఇంట్లో పొయ్యి ఆరిపోయి ఉంది, పోయి చూశాడు. చెయ్యి మానేదాకా పనిలేదు, పని చేయించుకున్న ఆసామి తొంగి చూడలేదు. భార్య ఒక్కతే రాళ్ళు మోసి ఇంటిల్లిపాదినీ సాకింది. ఇదంతా ఆయన ఎవరి కథో చెబుతున్నట్టు నవ్వుతూ చెప్పాడు. పక్కనే అంబలి పోస్తున్న మా నాయనమ్మ మాత్రం నవ్వలేదు.

ఆ సాయంత్రమే ఆవిడ రెండు బస్తాల జొన్నలు విడిగా తీసి మూతులు కుట్టేసింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, గదిలో ఒక మూలన నిలబెట్టింది. ఒకటి పోలేరమ్మకి, ఇంకోటి అంకమ్మకి మొక్కుకున్నానని, బావి పూర్తయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదని అందరికీ చెప్పింది. తాతయ్య ఎంత మురిసిపోయాడో! మేము చింతచిగురులో నాలుగు గింజలు వెతుక్కుంటూ తింటుంటే ఆ బస్తాలు మా ఎదుటే దర్జాగా నిలబడి ఉండేవి. అమ్మవార్ల మీద నాకు అప్పుడు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఇక అసలు రోజు. పొద్దున రాయి మీద చెమ్మ కనిపించింది. తాతయ్య కాలు నిలవలేదు. మధ్యాహ్నం బాబాయ్ వత్తి అంటించి తాడు పట్టుకుని పైకి వచ్చాడు. రాళ్ళు ఎగరకుండా బావి మూతి మీదికి తాటి దుంగలు దొర్లించి, తుమ్మకంప కప్పి, అందరూ దూరంగా తుమ్మచెట్టు కిందికి వెళ్ళారు. నేనూ నాయనమ్మా మజ్జిగ కుండతో అక్కడికి చేరేసరికి అందరూ పేలుడు కోసం చెవులు రిక్కించి ఉన్నారు. ఎంతసేపు చూసినా తూటా పేలలేదు.

"ఒరేయ్, వత్తి ఆరిపోయిందిరా. ఇంకా చానా పొద్దుంది. చెమ్మ కనపడ్డాక ఆపుకుంటారంట్రా ఎవరైనా? దిగి చూడు" అన్నాడు తాతయ్య. ఆయన మాట మీద బాబాయ్ తమ్ముళ్ళు వెళ్ళి దుంగలు పక్కకు లాగేసి వచ్చారు. బాబాయ్ తలగుడ్డ బిగించి కట్టుకున్నాడు. ఆయన భార్య తాడు పట్టుకుని నిలబడింది. ఆవిడ కళ్ళు ఆయన ఎడమ చేతి మీదే ఉన్నాయి. వద్దని ఎట్లా అంటుంది? ఆ రోజు పని సాగకపోతే రాత్రికి గింజ లేదని ఆవిడకే కదా తెలుసు. అప్పటి నా భయం ఇప్పుడు తలుచుకున్నా అలాగే ఉంటుంది.

నాయనమ్మ మజ్జిగ కుండ దించి, బాబాయ్ భార్య చేతిలోని తాడు తీసుకుంది. మొత్తం తాడంతా చుట్ట చుట్టి, చెట్టు కింద పడేసి, దాని మీద చతికిలబడింది. "మోకాళ్ళు పట్టేశాయి. కాసేపు మెత్తగా కూర్చోనీండి" అంది. తాతయ్య ముందు నవ్వాడు. ఆవిడ లేచేటట్టు లేదని అర్థమయ్యాక కేకలు మొదలుపెట్టాడు. ఆ కేకల మధ్యలోనే ఆవిడ మా నాన్నని పిలిచి, బండి కట్టుకుని వెళ్ళి ఆ రెండు బస్తాలూ తెమ్మని పంపించింది.

బండి వచ్చేదాకా ఆ చెట్టు కింద అందరి చూపూ బావి వైపే. బండి వచ్చింది. నాయనమ్మ కూర్చున్న చోటి నుంచి కదలకుండానే పోలేరమ్మ బస్తా దగ్గరికి దింపించి, కొడవలితో కుట్టు కోసింది. తాతయ్య ముఖం పాలిపోయింది.

"ఏమే, అమ్మవారి గింజలే అవి!"

"అమ్మవారికి మొక్కింది నేనేగా. బావి లోపల తగిలే దెబ్బకి ఇది, బయట తగిలే దెబ్బకి అది. ఇట్టా చెప్పే మొక్కుకున్నా."

"ఇంకా దెబ్బే తగల్లేదు కదే!"

"తగలకుండా కూర్చునే మనిషికి కూడా తిండి కావాలయ్యా. అది లేకేగా ఆయన దిగబోయేది" అని, ఆవిడ బాబాయ్ భార్యని కొంగు పట్టమంది. పని సాగినా సాగకపోయినా, ఆయన చేతులు ఆడినా ఆడకపోయినా ఈ బస్తా మీదే అంది.

బాబాయ్‌కి పౌరుషం వచ్చింది. పని చేయకుండా తినే వంశం కాదు మాదని ఏదో అన్నాడు. అప్పటిదాకా నోరు విప్పని ఆయన భార్య, కొంగు పట్టకుండా వెనక్కి లాక్కుని, ఆయన వైపు తిరిగింది. "నువ్వు దిగేటట్టయితే నేనీ గింజలు అందుకోను. నువ్వు కూర్చుంటేనే అందుకుంటా" అంది. ఆయన తలగుడ్డ విప్పి, దాన్నే పరుచుకుని కూర్చున్నాడు. ఆవిడ కొంగు చాపింది.

తాతయ్య మాత్రం ఊరుకోలేదు. ఇంతమంది ఎదుట మాట పోయిందని ఉక్రోషం. అయితే నేనే దిగుతానని తాడు కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. నాయనమ్మ బరువు తక్కువ మనిషేమీ కాదు. ఆయన లాగుతున్నాడు, ఆవిడ కూర్చుని ఉంది. ఆ గుంజులాటలో ఉండగా మా కాళ్ళ కింద నేల అదిరింది.

బావిలోంచి రాళ్ళు చెట్ల కన్నా ఎత్తుకు లేచాయి. మూతి మీద దుంగలు లేవు కదా, ఆపేదేముంది? దుమ్ము తగ్గేసరికి తాతయ్య చేతిలో తాడు కొస అలాగే ఉంది. బాబాయ్ తమ్ముళ్ళు ఏడుస్తున్నారు. ఆయన భార్య ఒడిలో జొన్నల్ని రెండు చేతులతో అదిమి పట్టుకుని ఉంది. నేను వెళ్ళి బాబాయ్ చెయ్యి పట్టుకున్నాను, వేళ్ళు లేని చెయ్యే.

అంతలో పక్క చేను ఆసామి పశువుల కొట్టం వైపు నుంచి అరుపులు వినిపించాయి. రాళ్ళు పడి పెంకులు పగిలాయి, గేదె కొమ్ము విరిగింది. ఆయనకీ మాకూ గట్టు తగాదా ఉండనే ఉంది. కర్ర పట్టుకుని, గురజాల కోర్టుకు లాగుతానంటూ వస్తున్నాడు. మామూలు రోజైతే తాతయ్య కూడా కర్ర అందుకునేవాడే. ఈలోగా నాయనమ్మ మా నాన్న చెవిలో ఏదో చెప్పింది. ఆసామి గట్టు దాటి వచ్చేసరికి అంకమ్మ బస్తా ఉన్న బండి ఆయన కొట్టం వైపే మళ్ళి ఉంది. "తప్పు మాదే బావా. దుంగలు తీయించింది మేమే. పెంకులకీ గేదె వైద్యానికీ ఇది ఉంచు, చాలకపోతే అడుగు" అంది నాయనమ్మ. తిట్టడానికి సిద్ధంగా వచ్చిన మనిషి కర్ర చంకన పెట్టుకుని, గేదెకి పసుపు నూనె పెట్టాలంటూ వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి తాతయ్య అన్నం ముట్టలేదు. మరుసటి ఏడు కళ్ళంలో జొన్నలు కొలిచేటప్పుడు మాత్రం, ఎవరూ అడక్కుండానే రెండు బస్తాలు పక్కన పెట్టి, పసుపు తానే రాశాడు. ఏ అమ్మవారి పేరు చెప్పాలో తెలియక నాయనమ్మ వంక చూశాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

నాకు పెళ్ళయ్యాక మా ఇంట్లోనూ కీడు మాట ఎత్తకూడదనే మగవాళ్ళే ఉన్నారు. నా కొడుకు ట్రాక్టరు కొన్నప్పుడు, దానికీ తోలేవాడికీ బీమా కట్టమని నేను పట్టుబట్టాను. ఏటా కడుతూనే ఉన్నాం, ఒక్క దెబ్బ తగిలింది లేదు, అంతా దండగే కదమ్మా అంటాడు వాడు. నేను వాదించను. ఆ రోజు బాబాయ్ వాళ్ళకి ఇచ్చేసిన పోలేరమ్మ బస్తా జొన్నలు నాకు గుర్తొస్తాయి. దెబ్బ తగలకుండానే అవీ ఖర్చయిపోయాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకు జరిగిన నా పెళ్ళికి బాబాయ్ భార్యతో కలిసి నడిచి వచ్చాడు, ఎడమ చెయ్యి మూడు వేళ్ళతో, కుడి చెయ్యి నిండుగా. రెండు చేతులతోనూ నా తల మీద అక్షింతలు వేశాడు.