పెద్దనాయన పేరు మీది వైఫై

ఈ పొద్దున మా ఇంట్లో నెట్ పోయింది. వైఫై డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది, ఆపి మళ్లీ వేస్తే పచ్చబడింది. అంతే, చెప్పుకోవడానికేమీ లేదు. కానీ స్విచ్ మీద వేలు పెట్టినప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ అలవాటు నాకు నారాయణఖేడ్‌లో మా పెద్దమ్మ ఇంట్లో అంటుకుంది.

మా చుట్టాల్లో నేను నెట్ డాక్టర్‌ని. ఎప్పుడో ఎవరిదో ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగిన పాపానికి ఆ హోదా దక్కింది. పెద్దనాయన పోయిన మూడో నెలలో అక్క, అంటే పెద్దమ్మ కూతురు, ఫోన్ చేసింది. మర్నాడు పదకొండింటికి కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ, ఏడాది మొత్తానికి వచ్చిన ఒకే ఒక్క పిలుపు. ఇంట్లో చూస్తే నెట్ లేదు. ఫోన్ సిగ్నల్ కావాలంటే మిద్దె ఎక్కాలి, మిద్దె మీద కోతులుంటాయి. వాటి మధ్య కూర్చుని ఇంటర్వ్యూ ఇస్తే ఉద్యోగం ఎవరికొస్తుందో చెప్పలేం.

నేను పోయేసరికి అన్ని ఫోన్లలో ఒకటే మాట: కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు. వైరు పీకి పెట్టాను, కంప్యూటర్ ఆపి వేశాను, తెలిసినట్టు తలూపాను. ఇక మిగిలింది డబ్బా. అది గోడ అరలో పెద్దనాయన ఫోటో పక్కనే ఉంది. దండ సగం దాని మీదికి జారింది.

"దాన్ని ముట్టకు బిడ్డా," అంది పెద్దమ్మ.

ఆ వైఫై పేరు పెద్దనాయన పేరే. విత్తనాల దుకాణం మీద, మోటార్‌సైకిల్ మీద, చోటు దొరికిన ప్రతిచోటా పేరు రాయించుకున్న మనిషి ఆయన. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పలేదు. చుట్టమొస్తే ఫోన్ తీసుకుని, గోడవైపు తిరిగి, తువ్వాల చాటున కొట్టి ఇచ్చేవాడు. ఆయన పోయాక దుకాణం బోర్డు మారింది, రేషన్ కార్డులోంచి పేరు తీసేశారు. ఫోన్ తెరిస్తే ఆయన పేరు కింద 'కనెక్ట్ అయింది' అని కనబడడం ఒక్కటే పెద్దమ్మకు మిగిలింది.

నేను నెట్ కంపెనీ లైన్‌మన్‌కు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. "ఆపి ఏస్తె గాదన్నా, రీసెట్ కొట్టాలె. లోపల ఉన్నయన్ని పోతయ్," అన్నాడతను. గదిలో అందరం విన్నాం.

"పేరు మల్ల నేను పెడ్త పెద్దమ్మా. డబ్బాను తొట్టెల్ల ఏసి ఇంకోసారి బారసాల చేద్దాం," అన్నాను.

"నీ నోట్ల మన్నువడ. జోకులాపి జల్దీ చెయ్యిరా," అంది అక్క.

పెద్దమ్మ ఫోటో వైపు చూసింది, అక్క వైపు చూసింది. భుజం మీది పిన్నీసు తీసి నా చేతికిచ్చింది. "కానియ్."

పిన్నీసు డబ్బా వెనక రంధ్రంలో గుచ్చి పది దాకా లెక్కపెట్టాను. లైట్లన్నీ ఆరాయి. కాసేపటికి వెలిగాయి. అదే పేరు పెట్టాను, పాస్‌వర్డ్ కొత్తది. చిక్కులుండొద్దని ఒక్కో ఫోన్‌లోంచి పాత కనెక్షన్ తుడిచేసి కొత్తగా కలిపాను. నెట్ పరుగెత్తింది. అక్కకు ఉద్యోగం వచ్చింది. ఆ రోజు జొన్నరొట్టెలు యుద్ధం గెలిచినవాడిలా తిన్నాను.

వారం తర్వాత పెద్దమ్మ ఫోన్. "మీ పెద్దనాయన ఫోన్ల నెట్ గుర్తు పోయిందిరా. పేరు గదే పెట్టినవ్ గద?"

ఆ ఫోన్‌ను ఆమె రోజూ చార్జింగ్ పెడుతోందని నాకు తెలియదు. దాని లాక్ ఆయన వేలిముద్ర, నంబరేమో ఎవరికీ చెప్పలేదు. వెళ్లి డబ్బా సెట్టింగుల పేజీ తెరిచి చూశాను. కొన్ని నిమిషాలకోసారి ఆయన ఫోన్ కలవడానికి వస్తోంది, పాత పాస్‌వర్డ్ చెబుతోంది, డబ్బా రానివ్వడం లేదు. పేజీ నిండా అదే వరుస. పాత పాస్‌వర్డే మళ్లీ పెడితే సరిపోతుంది. కలిసి ఉన్న ఏ ఫోన్‌లోనైనా వైఫై పేరు నొక్కి దాన్ని చూడొచ్చని నాకు అప్పుడే తెలిసింది. అన్నిట్లో తుడిచింది నేనే. ఇప్పుడది ఆ ఒక్క ఫోన్‌కే తెలుసు, దాన్ని తెరిచే వేలు లేదు.

"ఏమైందిరా?" అంది పెద్దమ్మ. నేను పేజీ మూసేశాను.

"సర్వర్ల ఏదో ఉంది పెద్దమ్మా. టైం పడ్తది."

"పట్టనియ్ బిడ్డా. ఆయన మాత్రం యాడికి పోతడు."

కాలం ముందుకే పోతుందంటారు. ఆ ఇంట్లో మాత్రం అది కొన్ని నిమిషాలకోసారి గుమ్మం దాకా వచ్చి, పాత మాటే చెప్పి, లోపలి నుంచి పలుకు లేక వెనక్కి తిరుగుతోంది.