దునియా చూస్తనన్న దోస్తు

పోలీస్ యాక్షన్ అయినంక తొవ్వలు నిమ్మళమైనయని, ఇయ్యాల పొద్దుగాల నేనూ మా దోస్తు రంగారావూ కూకట్‌పల్లి నుంచి సైకిళ్ల మీద బీదరుకు బయలెల్లినం. "యాడ తింటమో, యాడ పండుకుంటమో ముందుగాల తెల్వొద్దు. గట్లయితేనే దునియా సమజైతది" అని వాడు తొవ్వంత ఒకటే ఉపన్యాసం.

నల్లగండ్ల కాడ గొంతెండిపోయి ఒక గుడిసె ముందట ఆగినం. ముసలవ్వ కుండల నీళ్లు ముంచి ముంతతోని తెచ్చింది. వీడు ముంత అందుకోకుండనే, "మీరేమోళ్లవ్వా, ఏ కులం?" అన్నడు.

అవ్వ ముంత నా చేతుల పెట్టి, "నువ్వు తాగు కొడుకా. ఆయనకింక దూప గాలేదు" అన్నది.

నేను రెండు ముంతలు తాగిన. వాడు ఇంటి నీళ్ల కోసం వెనక్కి మర్లిండు. థూ!

ఇప్పుడు శంకర్‌పల్లిల ఒక్కణ్నే కూసోని, యాడ పండుకుంటనో తెల్వకుండ ఇది రాస్తున్న. ఏదీ ముందుగాల తెల్వొద్దన్నోనికి గదొక్కటి మాత్రం ముందుగాల తెల్వాల్నట! మీరైతే వీనితోని ఇంకో మైలు తొక్కుతరా?