బాణామతి భయం

మాది కృష్ణా తీరం. పెళ్లయిన కొత్తలోనే సువార్త పని మీద నా భర్తను లక్సెట్టిపేట అవతలి ఒక పల్లెకు పంపారు. ఆయన వెంట నేనూ వచ్చాను. తెలుగు ఊరే అయినా మొదట్లో నాకు పరాయి దేశంలా తోచింది. ఇక్కడి ఆడవాళ్లు దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు బయట పారేయరు. పొద్దు గూకకముందే దండెం మీది బట్టలు లోపలికి తెచ్చుకుంటారు. ఎందుకని అడిగితే గొంతు తగ్గించి "బాణామతి" అనేవారు. వెంట్రుకో బట్టో దొరికితే గిట్టనివాళ్లు దాని మీద మంత్రం పెట్టి మనిషిని మంచాన పడేస్తారట. మొదట నవ్వుకున్నాను. కొన్నాళ్లకు నా వెంట్రుకలూ కాగితంలో చుట్టి పొయ్యిలో వేయడం మొదలుపెట్టాను. నా భర్తకు చెప్పలేదు.

ప్రార్థన మందిరం వెనక గుడిసెలో ఒక ముసలమ్మ ఒంటరిగా ఉండేది. పత్తి ఏరే కూలికి పోయేది. ఆదివారం వచ్చి అందరికన్నా వెనక కూర్చునేది. అప్పుడప్పుడు నాకు ఒడినిండా చిక్కుడుకాయలు తెచ్చేది. ఆమె పెరట్లో మేకలు పడ్డాయని పక్కింటివాళ్లతో పెద్ద గొడవైంది. కోపంలో ఆమె మన్ను తీసి వాళ్ల వాకిట్లో విసిరింది. నెల తిరగకుండానే ఆ ఇంటి కొత్త కోడలు ఉన్నట్టుండి పడిపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. "ఆసుపత్రికి తీసుకెళ్లండి" అని నేను రెండుసార్లు చెప్పాను. వాళ్లు మంత్రగాడి దగ్గరికి పోయారు. మన్ను విసిరిన చేయే చేసిందని వాడు చెప్పాడట.

ఆ మధ్యాహ్నం నా భర్త సిమెంటు కోసం లక్సెట్టిపేట వెళ్లాడు. అన్నం తిని చేయి కడుక్కుంటుంటే ముసలమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. కొంగు జారిపోయి ఉంది.

"బిడ్డా, తలుపెయ్యి. నన్ను సంపుతరట!"

గడియ పెట్టి ఆయనకు ఫోన్ చేశాను. "పోలీసులను తీసుకుని వస్తున్నా. ఏమైనా సరే, తలుపు తీయకు" అన్నాడు.

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడు. కిటికీలోంచి చూస్తే పక్కింటి మగవాళ్లు, వాళ్ల వెనక వీధిలో సగంమంది. అందరూ నాకు తెలిసినవాళ్లే. కోడలి మామ ముందున్నాడు.

"పాస్టరమ్మా, నీతోని మాకు పంచాది లేదు. గా ముసల్దాన్ని బయటికి పంపు."

"ఆమె ఏం చేసిందండీ? ముందు పిల్లను డాక్టరుకు చూపించండి."

"నీకు తెల్వదమ్మా, నువ్వు కొత్తదానివి. దాని నోట్ల పండ్లు పీకుతే మంత్రం పారదు. సంపుతలేము కదా!"

అప్పుడు చూశాను, ఆయన కొడుకు చేతిలో కటింగ్ ప్లేయరు. పొలంలో మోటారు బాగుచేసేది. మొన్న మా ఇంట్లో ఫ్యాను బిగించింది దానితోనే. కిటికీ రెక్కలు మూసేశాను. తలుపు మీద దెబ్బలు పడసాగాయి.

వెనక్కి తిరిగితే ముసలమ్మ మూలన ఒదిగి కూర్చుని ఉంది. కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ ఏదో గొణుగుతోంది. మాటలు అర్థం కాలేదు. బయటివాళ్లంటే ఉన్న భయం ఒక్కసారిగా ఆమె మీదికి మళ్లింది. నిజమైతే? ఈమెతో ఒకే గదిలో ఉన్నానే! నాకు తెలియకుండానే గోడకు ఆనుకుని, చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కున్నాను.

ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది.

"నీకు గూడ భయమైతుందా బిడ్డా?"

లేదు అనబోయాను. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. తలుపు పైగడియ మేకు ఊడి కింద పడింది. నేను లేచి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. దెబ్బ పడినప్పుడల్లా పళ్లు అదిరాయి. ప్రార్థన చేద్దామంటే "ప్రభువా" తర్వాత మాట గుర్తురాలేదు.

జీపు హారన్ వినబడేసరికి వాకిలి ఖాళీ అయింది. పోలీసులు ముసలమ్మను జీపు ఎక్కించుకున్నారు. అటునుంచి అటే ఆమె కాగజ్‌నగర్‌లో ఉన్న కూతురి దగ్గరికి పోయింది. పక్కింటి కోడలిని వాళ్ల పుట్టింటివాళ్లు వచ్చి కరీంనగర్‌లో డాక్టరుకు చూపించారు. మూర్ఛ రోగమని మాత్రలు ఇచ్చారు. పిల్ల తేరుకుంది.

"చూసినవా పాస్టరమ్మా, అది ఊరు ఇడిసినంకనే మా కోడలు మంచిగైంది" అంది ఆ పిల్ల అత్త, బోరింగు దగ్గర నా బిందె ఎత్తిపెడుతూ. ఆమె కొడుకు అక్కడే బండి కడుగుతున్నాడు.

కొన్నాళ్లకు ముసలమ్మ కూతురి ఫోన్‌లోంచి మాట్లాడింది. ఎలా ఉన్నావని అడిగాను. మంచిగనే ఉన్నానంది. పాస్టరు గారూ నేనూ ఒకసారి వచ్చి చూసిపోతామన్నాను.

"వద్దు బిడ్డా, రాకుండ్రి. మీరొస్తే ఎవలు, ఎక్కడోళ్లని అడుగుతరు. నేనెందుకొచ్చిన్నో ఈడ ఎవలకు తెల్వదు" అంది. పక్కన ఎవరో వచ్చినట్టున్నారు, ఫోన్ పెట్టేసింది.