వైరు కుర్చీ మీద పచ్చ గడి

నరసరావుపేటలో కోర్టు దగ్గర నాకు లాప్‌టాప్‌లు బాగుచేసే కొట్టు ఉంది. దెయ్యం పట్టిందంటూ నా దగ్గరికి తెచ్చిన మిషన్లు చాలా చూశాను. ఒకదాంట్లో చీమలు, ఇంకోదాంట్లో ఎండిపోయిన బల్లి. దెయ్యం మాత్రం ఏనాడూ దొరకలేదు. మా అమ్మ తాయెత్తు కడతానంటే కూడా విసుక్కునేవాణ్ణి. ఇది చదివి మస్తాన్‌కి మతి పోయిందని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. చూసింది చూసినట్టు చెబుతున్నాను, అంతే.

రెంటచింతల జోజిరెడ్డన్న నాకు పాత కస్టమర్. కౌలుకి పొలం తీసుకుని మిరప వేసేవాడు. కూతురు స్టెల్లా ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు నా కొట్లోనే పాత లాప్‌టాప్ ఒకటి కొన్నాడు. "ఒరేయ్ మస్తానూ, నా బిడ్డ ఉద్యోగం పరీక్ష దీంట్లోనే రాయాల" అని మరీ చెప్పి తీసుకెళ్లాడు.

ఆ పిల్ల చదువుకుంటున్నంతసేపూ ఆయన వెనకాల వైరు కుర్చీ వేసుకుని కూర్చునేవాడట. మాట్లాడడు, కదలడు. ఆమె బడికి వెళ్లే రోజుల నుంచీ అదే అలవాటు. "నువ్వు పో నాన్నా" అని ఆమె అంటేగానీ లేచేవాడు కాదట. ఈ సంగతి ఆయనే నాకు గొప్పగా చెప్పుకున్నాడు.

పోయిన ఎండాకాలం ఆయన పొలంలోనే పడిపోయి చనిపోయాడు. కౌలు పొలం చేజారింది. స్టెల్లా కాలేజీకి వచ్చిన కంపెనీలేవీ ఆమెను తీసుకోలేదు. చివరికి ఒక కంపెనీ ఇంట్లోనే కూర్చుని పరీక్ష రాయమని పిలిచింది. అది కూడా పోతే తల్లి ఇన్నమ్మతో కలిసి కూలికి పోవడమే. ఆ మాట తల్లీకూతుళ్లిద్దరూ నాతో వేరువేరుగా అన్నారు.

ఆ పరీక్షకి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి. ఈ లాప్‌టాప్ దానికి పనికిరాదు. సెటప్ మొదట్లోనే, ఈ కంప్యూటర్‌లో ఇది ఎక్కదని చెప్పేస్తుంది. దాన్ని ఎలా దాటించాలో నాకు తెలుసు. పేటలో అలాంటి ముసలి మిషన్లు ఎన్ని దాటించానో లెక్కలేదు. పరీక్ష వరకు కొట్లోంచి వేరేది ఇస్తానన్నాను కానీ స్టెల్లా ఒప్పుకోలేదు. నాన్న కొన్నదాంట్లోనే రాస్తానని పట్టుబట్టింది. ఉన్న ఫోటోలు, ఫైళ్లు పోకూడదని కూడా చెప్పింది. సరే, పాతదాని మీదే కొత్తది ఎక్కిద్దాంలే అన్నాను.

కొట్లో పెన్‌డ్రైవ్ పెట్టి మొదలుపెట్టాను. సగం దాటింది, రీస్టార్ట్ అయింది. అప్పుడు కెమెరా పక్కనున్న చిన్న తెల్ల లైటు వెలిగింది.

ఇది మిషన్లు తెలియనివాళ్లకి చెప్పాలి. ఆ సమయానికి లోపల సిస్టమ్ ఇంకా లేవలేదు. వెలగమని కెమెరాకి చెప్పే దిక్కే లేదు. అయినా కాసేపు అలాగే వెలిగింది. అది ఆరిపోగానే, చేసిన మార్పులన్నీ వెనక్కి తీస్తున్నామని తెర మీద పడింది. చూస్తుండగానే పాత సిస్టమ్ వచ్చి కూర్చుంది.

ర్యామ్ మార్చాను. పెన్‌డ్రైవ్ మార్చాను. ఫ్యాన్ విప్పి దుమ్ము దులిపాను. ప్రతిసారీ అదే చోట లైటు, ఆ వెంటనే వెనక్కి. నాకు ఒళ్లు మండింది. నీ సంగతేందో చూస్తానని కెమెరా వైరు పీకేసి మళ్లీ మొదలుపెట్టాను.

ఊడబీకిన వైరు కొస నా వేళ్ల మధ్యే ఉంది. లైటు వెలిగింది.

పట్టపగలు అది. బయట వాయిదాలకొచ్చిన జనం, టీ కొట్టు, ఆటోల గోల. మూత దబుక్కున మూసేసి బయటికొచ్చి నిలబడ్డాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నా పరువేం కావాలి?

మర్నాడే పరీక్ష. ఇక నావల్ల కాదని చెప్పి ఇచ్చేద్దామని, వైరు మళ్లీ తగిలించి రెంటచింతల బస్సెక్కాను. ఆ ఊరి ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. మిట్టమధ్యాహ్నం వీధిలో కుక్క కూడా లేదు. ఇన్నమ్మక్క అంతా విని ఒకటే అడిగింది.

"ఆయనకి చెప్పావా తమ్ముడూ?"

ఆ ఇంట్లో ఆయన వస్తువు ఏది ముట్టుకోవాలన్నా ఆయనకు చెప్పి ముట్టుకోవాలట. మోటారు విప్పినా, మందుల డబ్బా తీసినా అంతే. పోయాక కూడా పటం ముందు నిలబడి చెప్పే ముట్టుకుంటున్నారు. ఆమె కొవ్వొత్తి వెలిగించి జపం చెప్పుకుంది. తర్వాత లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి, "బిడ్డ పరీక్షకేనయ్యా, చెయ్యనీయి" అంది.

నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. అదే పెన్‌డ్రైవ్ పెట్టాను. నేను కొత్తగా చేసిందేమీ లేదు. సగం దాటింది, లైటు వెలిగింది. ఈసారి ఆరలేదు. అలా వెలుగుతూనే ఉంది, కొత్త సిస్టమ్ పూర్తిగా ఎక్కేవరకు. సంతోషపడాల్సింది పోయి నాకు ఆ కెమెరా ఎదురుగా కూర్చోవడానికే భయమేసింది.

మిషన్ మధ్యలో ఆగితే ఎలాగని వాళ్లు బతిమాలితే మర్నాడు మళ్లీ వెళ్లాను. పరీక్ష గదిలో రాసేవాళ్లు తప్ప ఎవరూ ఉండకూడదు. కెమెరాలో మనిషి మొహం కనిపిస్తే దాని చుట్టూ పచ్చ గడి పడుతుంది. రెండో మొహం కనిపిస్తే హెచ్చరిక. మూడో హెచ్చరికకి పరీక్ష ఆగిపోతుంది. అందుకని గోడ మీదున్న జోజిరెడ్డన్న పటం, మరియమాత పటం నేనే దించి బయట పెట్టాను. వైరు కుర్చీ కూడా తీద్దామంటే స్టెల్లా వద్దంది.

నేను వసారాలో కిటికీ పక్కన కూర్చున్నాను. అక్కడినుంచి తెర కనిపిస్తుంది. ఇన్నమ్మక్క గుమ్మం బయట గోడకు ఆనుకుని, దారికి అడ్డంగా కాళ్లు చాపుకుని జపమాల తిప్పుకుంటోంది. కాసేపు బాగానే జరిగింది. తర్వాత తెర మీద ఎర్రగా హెచ్చరిక పడింది, గదిలో ఇంకొకరు ఉన్నారని.

తెర మూలన స్టెల్లా మొహం చుట్టూ ఒక పచ్చ గడి ఉంది. ఆమె వెనక, కుర్చీ పైన, మనిషి కూర్చుంటే తల ఉండేంత ఎత్తులో ఇంకో గడి ఉంది. దాని లోపల సున్నం గోడ తప్ప ఏమీ లేదు. కళ్లు నలుపుకుని చూశాను. గడి కదలడం లేదు.

రెండో హెచ్చరిక కూడా పడింది. స్టెల్లా రాయడం ఆపేసింది. లేచి పరిగెత్తుతుందేమో అనుకున్నాను. ఆమె వెనక్కి తిరగలేదు. తెరలో ఆ గడినే చూస్తూ చాలా మెల్లగా అంది.

"నువ్వు పో నాన్నా. నేను రాసుకుంటా."

కుర్చీ వైర్లు కిర్రుమన్నాయి. అందులోంచి మనిషి లేస్తే వచ్చే చప్పుడే అది. గడి మాయమైంది. అదే క్షణంలో గుమ్మం దగ్గర ఇన్నమ్మక్క చాపుకున్న కాళ్లు ముడుచుకుంది, ఎవరికో దారి ఇచ్చినట్టు. ఆమె తల వంచుకుని జపమాల చూసుకుంటోంది.

స్టెల్లాకి ఉద్యోగం వచ్చింది. కంపెనీ వాళ్లే కొత్త లాప్‌టాప్ ఇచ్చారు. పిల్ల విజయవాడ హాస్టల్లో చేరింది. పాతది ఇన్నమ్మక్క దగ్గరే ఉండిపోయింది. కెమెరా ఎలా తెరవాలో ఫోన్లో నన్నే అడిగి నేర్చుకుంది. కూతురితో మాట్లాడటానికేమో అనుకున్నాను.

కొన్ని నెలల తర్వాత వేరే పని మీద అటు వెళ్లి వాళ్లింటి ముందు ఆగాను. మిట్టమధ్యాహ్నం. ఇన్నమ్మక్క ఆ గదిలో లాప్‌టాప్ ముందు ఒక్కతే కూర్చుని ఉంది. వెనకాల వైరు కుర్చీ వేసి ఉంది. పరీక్ష లేకుండా మామూలుగా కెమెరా తెరిచినా మొహం చుట్టూ గడి పడుతుంది. తెర మీద ఆమె మొహం చుట్టూ ఒకే గడి. ఏం చేస్తోందో చూద్దామని వెనకనుంచి వంగాను. తెరలో రెండో గడి పడింది.

ఆమె ఊపిరి ఆగిపోవడం నాకు తెలిసింది. ఆ మొహంలో వచ్చిన వెలుగు నేను ఎప్పటికీ మరిచిపోలేను. గడిలో ఉన్నది నేనని చూసుకుంది.

"నువ్వా" అంది.

దీంట్లో పాత సిస్టమ్ మళ్లీ ఎక్కించగలవా తమ్ముడూ, అని అడిగింది. కొత్త సిస్టమ్ ఎక్కాక పాతదాన్ని మిషన్ కొన్నాళ్లే దాచి ఉంచుతుందని, గడువు దాటితే తనంతట తనే చెరిపేస్తుందని చెప్పాను. గడువు ఎప్పుడో దాటిపోయింది.

"బిడ్డ పొమ్మంది, పొయ్యాడు" అంది ఇన్నమ్మక్క. "నన్నెవరూ అడగలా."

వైరు లేని లైటు ఎందుకు వెలిగిందో, ఆ గడి ఎవరిదో నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలిసినవాళ్లుంటే చెప్పండి, వింటాను. నా కొట్టుకి చనిపోయినవాళ్ల మిషన్లు ఇప్పటికీ వస్తుంటాయి. మూత తెరిచే ముందు, ఇంట్లో అందరినీ అడిగే తెచ్చారా అని అడుగుతున్నాను.