మూఢం పెళ్ళి ఫోటోల్లో పన్నెండు బైట్లు

మా అమ్మాయి పెళ్ళి మూఢంలో చేశాం. తెలియక కాదు, తెలిసే చేశాం. శుక్రుడు సూర్యుడి వెలుగులో కలిసిపోయి కంటికి కనబడని రోజుల్ని మనవాళ్ళు మూఢం అంటారు. అప్పుడు పెళ్ళి చేస్తే కాపురం నిలవదంటారు. కంటికే కనబడని గ్రహం అనకాపల్లిలో ఇద్దరి కాపురం ఎలా చెడగొడుతుందని చిన్నప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. నాన్న నన్ను వెంటబెట్టుకు తిప్పిన చర్చాసభల్లో అడిగాను, వ్యాసాల్లో అడిగాను. కోప్పడినవాళ్ళున్నారు గాని జవాబు చెప్పినవాళ్ళు లేరు.

కాబట్టి అమ్మాయీ అబ్బాయీ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చేశారు. సాయంత్రం కల్యాణమండపంలో భోజనాలు పెట్టాం. మూఢం పుణ్యమా అని మండపం అడిగిన వెంటనే దొరికింది. పంతులు లేడు. అబ్బాయి వాళ్ళు మాకవరపాలెం క్రైస్తవులు. పాస్టరు గారు లేకుండా చేయడానికి వాళ్ళూ తమ చుట్టాలతో మా అంతగానే పోట్లాడారు.

మునగపాకలో ఉండే మా అమ్మ రానని ముందే చెప్పేసింది. తీరా భోజనాలు సగంలో ఉండగా ఆటో దిగింది. చేతిలో మాడుగుల హల్వా పొట్లం. నేరుగా వేదిక ఎక్కి మనవరాలి నోట్లో ఒక ముక్క, అబ్బాయి నోట్లో ఒక ముక్క పెట్టి, నాతో మాట్లాడకుండా అదే ఆటోలో వెళ్ళిపోయింది.

ఫోటోలు తీసింది మా మరిది. స్టూడియో నడుపుతాడు. నేను కాలేజీలో జావా అనే కంప్యూటర్ భాష పాఠం చెబుతాను. అతను నా దగ్గరే నేర్చుకున్నాడు. కెమెరా కార్డులోని ఫోటోలను కంప్యూటర్లోకి ఎక్కించి, పేర్లు పెట్టి, వరుసగా సర్దే ప్రోగ్రాం ఒకటి ఈ పెళ్ళి కోసమే సొంతంగా రాసుకున్నాడు. ఎక్కించాడు. ఎవరిదో పుట్టినరోజు వేడుకకు కావాలని కార్డు చెరిపేశాడు. ఆ తర్వాత తెరిచి చూస్తే ఒక్క ఫోటో కూడా తెరుచుకోలేదు. ఫైలు పాడైందనే మాట తప్ప తెర మీద ఏమీ లేదు.

కబురు మునగపాక చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. మర్నాడే అమ్మ మా ఇంట్లో ఉంది.

"నేనప్పుడే సెప్పేను," అంది కుర్చీలో కూర్చుంటూనే. "మూఢంలో సేత్తే ఆనవాలు కూడా మిగల్దని. ఏటి మిగిలింది?"

"ఫోటోలు పోతే పెళ్ళి పోతుందా అమ్మా?"

"నీతో వాదించడానికి రాలేదే నేను. మూఢం ఎల్లేక మంచి ముహూర్తం సూసి, పంతుల్ని పెట్టి మళ్ళీ సెయ్యి. పిల్ల బతుకు కదా."

అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. అప్పటికే అత్తవారి వైపు నుంచి కూడా, చర్చిలో ఒకసారి చేసేస్తే సరిపోతుంది కదా అని ఫోన్లు వస్తున్నాయి. నా పక్కకు వచ్చి మెల్లగా అంది: "అమ్మమ్మ మనసు కోసం చేసేస్తే ఏం పోతుందమ్మా?"

"చేసిన పెళ్ళి చెల్లదని నువ్వే ఒప్పుకున్నట్టవుతుంది. అది పోతుంది."

అది తల దించుకుంది. అలసిపోయిందని తెలుస్తూనే ఉంది. ఇంకో నాలుగు ఫోన్లు వస్తే సరేననేస్తుందని నాకు భయం పట్టుకుంది. అమ్మ వైపు తిరిగాను.

"ఫోటోలు తెరుచుకుంటే?"

"తెరుసుకుంటే నేనేటీ అనను. తెరుసుకోపోతే నువ్వేటీ అనకూడదు."

"సరే."

మరిదిని పిలిపించాను. ల్యాప్‌టాప్ భోజనాల బల్ల మీద పెట్టించాను.

ఫైలంటే అంకెల వరుస. ఒక్కో అంకె ఒక బైటు. ఫోటో అయినా, పాట అయినా, ఉత్తరమైనా లోపల ఉండేది అంకెలే. జావాలో ఫైలు చదవాలంటే అందుకోసం ఆబ్జెక్టు అనే పనిముట్టు ఒకటి తయారుచేసుకుని, తర్వాతి బైటు ఇయ్యి, తర్వాతి బైటు ఇయ్యి అని అడుగుతూ పోవాలి. అది ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది. దానికి కులం తెలియదు, తిథి తెలియదు, పెద్దమనుషుల మొహమాటం అసలే తెలియదు. ఇంత నిజాయితీ గల సాక్షిని ఏ సభలోనూ చూడలేదు నేను.

"ఒక ఫోటో చదివి, బైట్లు వరుసగా తెర మీద వెయ్యి," అన్నాను. మరిది టకటకా రాసి నడిపాడు. మైనస్ 32, మైనస్ 80, మైనస్ 74... పన్నెండు అంకెలు వచ్చి ఆగిపోయింది.

అమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. "అంకెల ముందు ఆ గీతలేటి బాబూ?"

"మైనస్సులండి అత్తయ్యగారూ."

"అన్నిటికీనా?"

"అన్నిటికీనండి."

"సూసేవా మరి," అంది నాతో.

అందులో శకునం ఏమీ లేదు. జావాలో బైటు 127 దాటిన అంకెను మైనస్‌గా చూపిస్తుంది. 256 కలిపితే అసలు అంకె వచ్చేస్తుంది. అదొక లెక్క పద్ధతి, అంతే.

"అంత పెద్ద ఫైలు పన్నెండు బైట్లకే అయిపోతుందా?" అని మరిదిని అడిగాను.

"అయిపోయిందనే వచ్చింది వదినా. మైనస్ ఒకటి ఇచ్చింది."

అక్కడ దొరికాడు. ఫైలు నిజంగా అయిపోతే ఆ ఆబ్జెక్టు మైనస్ ఒకటి అని చెబుతుంది. కానీ ఇతను వచ్చిన ప్రతి అంకెనూ ముందు బైటులోకి కుదించి, ఆ తర్వాత పోల్చి చూస్తున్నాడు. అలా కుదిస్తే 255 కూడా మైనస్ ఒకటిగానే కనిపిస్తుంది. ఉన్నదాన్ని చూసి లేదనుకుని ఆగిపోయాడు. మా చుట్టాలందరూ చేసిందీ అదే కదా అనిపించింది.

"కుదించకుండా పోల్చు," అన్నాను. మార్చి నడిపాడు. అంకెలు జలజలా కారి తెర నిండిపోయి ఇంకా వస్తూనే ఉన్నాయి. అమ్మాయి కుర్చీ లాక్కుని దగ్గరకు జరిగింది.

మొదటికి వెళ్ళి చూశాను. ఇలాంటి ఫోటో ఫైలు ఏదైనా 255, 216 అనే అంకెలతో మొదలవ్వాలి. అది దాని వీధిగుమ్మం. మా ఫోటోలో ఆ గుమ్మం ఉంది, కానీ పదమూడో చోట ఉంది. అంటే ఫోటో చెక్కుచెదరలేదు. దాని ముందు ఎవరో పన్నెండు బైట్లు అడ్డం పెట్టారు. 224, 176, 182, మళ్ళీ 224... వాటిని చూడగానే గుర్తుపట్టాను. కంప్యూటర్లో మన తెలుగు అక్షరాలు, గుణింతపు గుర్తులు మూడేసి బైట్లు తీసుకుంటాయి, ప్రతి మూడింటిలో మొదటిది 224.

"ఇవి తెలుగు అక్షరాలు. చదివేలా మార్చి చూపించు," అన్నాను.

మరిది కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"అక్కర్లేదు వదినా. శ్రీ అని ఉంటది."

"ఎవరు రాశారు?"

"నేనే. మూఢం కదా, దోషం తగలకూడదని ప్రతి ఫైలుకీ ముందు శ్రీ పెట్టించేను. మీకు చెబితే తిడతారని చెప్పలేదు. ముందు ఫోటోల పేర్ల పట్టీకి పెట్టి చూసేను. అది బాగానే తెరుచుకుంది."

శ, పొల్లు, ర, గుడిదీర్ఘం: నాలుగు గుర్తులకు మూడేసి చొప్పున పన్నెండు బైట్లు. పట్టీ అంతా అక్షరాలే కాబట్టి దాని మీద ఇంకో అక్షరం ఒదిగిపోయింది. ఫోటోకు అదే అక్షరం గుమ్మానికి అడ్డం పెట్టిన బండ. నేను తిట్టలేదు. నవ్వు ఆగితే కదా తిట్టడానికి. మూఢం ఒక్క ఫోటోను కూడా ముట్టుకోలేదు. మూఢానికి చేసిన విరుగుడే అన్నిటినీ మూసేసింది. ఇన్నేళ్ళుగా సభల్లో గొంతు చించుకుని చెప్పింది ఇదే. ఆ రోజు మా బల్ల మీద అంకెలే చెప్పాయి.

"మొదటి పన్నెండూ వదిలేసి, పదమూడో దాని నుంచి కొత్త ఫైలులో రాయి. అన్నిటికీ."

రాసి నడిపాడు. ఒక్కొక్కటీ తెరుచుకోవడం మొదలైంది. దండలు, భోజనాల బంతి, పడీపడీ నవ్వుతున్న వియ్యపురాలు. తర్వాత హల్వా ఫోటో వచ్చింది. మనవరాలి గడ్డం పట్టుకుని ముక్క పెడుతూ అమ్మ నవ్వుతోంది. ఆ సాయంత్రం ఆవిడ మొహం గంటు పెట్టుకునే వెళ్ళిపోయిందని నేను అనుకున్నాను.

అమ్మ తెర మీదకు వంగింది.

"ముక్కుపుడక బాగా పడింది," అంది. తర్వాత మరిది వైపు తిరిగింది. "శ్రీ అన్నది శుభలేక మీద రాత్తారు బాబూ. పెళ్ళికూతురి మొకాన రాత్తారేటి?"

"తప్పయిపోయిందండి అత్తయ్యగారూ."

అమ్మాయి ఆవిడ భుజం మీద తల పెట్టి అడిగింది. "మరి రెండో పెళ్ళి ఎప్పుడే అమ్మమ్మా?"

"ఒకదానికే ఇంత తతంగం. మళ్ళీ ఏటికి?" అంది అమ్మ. "ఇది పెద్దది సేయించి పటం కట్టించండి. అట్టుకెల్తాను."

పటం ఇప్పుడు మునగపాకలో వీధి గదిలో, పంచాంగం మేకుకు పక్క మేకునే ఉంది. వచ్చినవాళ్ళు ఎప్పటి పెళ్ళని అడిగితే, మూఢంలో చేశామని ఆవిడే చెబుతోంది.